తలుపు వైపు నుంచి లెక్క

తప్పు నాదే అని తెలియగానే ఒళ్లంతా తేలికైపోయింది. ముప్పై ఎనిమిదేళ్లు బీరువాలు మోసిన వీపు నాది, బరువు దిగడం అంటే ఏమిటో ఇంకొకరు చెప్పక్కర్లేదు. మూడో అంతస్తు దాకా మెట్లెక్కి, గోడవారగా ఆనించి, భుజం మీది పట్టీ జార్చేశాక కాళ్లు వాటంతటవే నేల మీంచి లేస్తున్నట్టు ఉంటుంది. ఇప్పుడు అలాగే ఉంది, ఈ బడి వసారాలో, ఈ తలుపు అద్దం ముందు. లోపల నా మనవరాలు తప్పు మీద తప్పు చెబుతోంది. ఎదురుగా కూచున్న పరీక్షల టీచరు కాగితం మీద అడ్డగీతలు పెడుతోంది. నేనేమో నవ్వు బయటికి రాకుండా పెదవి కొరుక్కుంటున్నాను. చూసినవాళ్లు ముసలాడికి మతి పోయిందనుకుంటారు. అనుకోనీ. గడియారంలో పదిన్నర. పదకొండుకి ఆ తలుపు తెరుచుకుంటుంది. అప్పుడు నేను చేయాల్సింది ఒక్కటే, నోరు తెరవడం. అదే నాకు చేతకాని పని. మా ఆవిడ ఉన్నన్నాళ్లూ అంటూనే ఉండేది, ఈయన నోటికి అడ్డంగా బీరువా పెట్టి మర్చిపోయారు, తీసేవాళ్లు లేరు అని.

మూడు వారాల కిందట ఇదే గదిలో ఇదే పరీక్ష పెట్టారు. పై తరగతికి వెళ్లే పిల్లలందరికీ పెడతారట. రంగులు చెప్పింది, ఆకారాలు చెప్పింది, ఇరవై దాకా అంకెలు గడగడా చెప్పింది. వరస దగ్గరికొచ్చేసరికి మాత్రం అంతా తారుమారైంది. మొదటిది ఏది, రెండోది ఏది, చివరిది ఏది అంటే ఒకటి అడిగితే ఇంకొకటి చూపించిందట. ఇంటికి ఉత్తరం పంపారు. నేను కూడబలుక్కునేలోగా మా అమ్మాయి లాక్కుని చదివింది, చదివి మంచం మీద కూలబడింది. పాపకు వరస పట్టుబడలేదు, ఊహించి చెబుతోంది, మరోసారి చూస్తాం, అప్పటికీ ఇలాగే ఉంటే ఇంకో ఏడాది చిన్నపిల్లల గదిలోనే ఉంచుతాం, బుర్ర పరీక్ష చేసే డాక్టరుకి చూపించండి. ఉత్తరం ఇంతే. తనతో ఆడుకునే పిల్లలంతా పక్క గదిలోకి వెళ్లిపోతారు, మా గోళీ మాత్రం ఇంకా పాలు కారుతున్న మూతుల మధ్య కూచుంటుంది. గోళీ అసలు పేరు కాదు. పుట్టినప్పుడు కళ్లు గుండ్రంగా తిప్పుతుంటే మా అల్లుడు అన్నాడు, అదే అంటుకుపోయింది. పరీక్షంటే అదేదో ఆట అనుకుంటోంది పాపం. పొద్దున జడ వేయించుకుంటూ, తాతా ఇవాళ కూడా ఆ టీచరు బొమ్మలు ఇస్తుందా అని అడిగింది. అవునన్నాను. అంతకంటే ఏమనాలి.

మా అమ్మాయి ఆసుపత్రి లాండ్రీలో పని చేస్తుంది, దుప్పట్లు, గౌన్లు ఆవిరి ఇస్త్రీ చేయడం. పొద్దున్నే ఆరింటికి వెళ్లేముందు గోళీని వంటింటి బల్ల దగ్గర కూచోబెట్టి ఐదు చెంచాలు వరసగా పెట్టి అడిగేది. అన్నీ సరిగ్గా చెప్పేది పిల్ల. సంబరపడి పనికి పోయేది. సాయంత్రం వచ్చి అవే చెంచాలు అదే బల్ల మీద పెట్టి అడిగితే దాదాపు అన్నీ తప్పే. పొద్దున వచ్చింది సాయంత్రానికి ఎలా పోయింది నాన్నా, నిలవడం లేదు, బుర్రలో నిలవడం లేదు అని నా వైపు చూసేది. అప్పుడు నేను కిందికి చూసేవాణ్ణి. ఆ చూపు ఎందుకు తప్పించుకున్నానో ఆమెకు తెలియదు. కడుపుతో ఉన్నప్పుడు ఎనిమిదో నెల దాకా ఆ ఆవిరిలో నిలబడ్డాను, అందుకే ఇలా అయిందేమో అని తనను తాను తిట్టుకునేది. కాదమ్మా అనాలని నాలుక చివరి దాకా వచ్చేది. కాదంటే మరి దేనివల్ల అంటుంది. అప్పుడు వ్యాను సంగతి చెప్పాలి. బీరువా అడ్డం.

రెండేళ్ల కిందట, నేను పనికి సెలవు పెట్టిన ఒక మధ్యాహ్నం మా వ్యాను డ్రైవరు వచ్చాడు, మా వీధిలో ఎవరికో సోఫా దింపి నన్ను పలకరించడానికి. నన్ను బావా అంటాడు, చుట్టరికం ఏమీ లేదు, ఇద్దరం ఒకే వ్యానులో ముసలాళ్లమయ్యాం, అంతే. గోళీకి అప్పుడు మూడేళ్లు. వ్యాను వెనక పలక మీదికి ఎక్కించాను, ఖాళీ వ్యానులో గెంతుతోంది, ఒక్క క్షణం డ్రైవరు వైపు తిరిగాను. ఆ చప్పుడు ఇప్పటికీ వింటూనే ఉన్నాను, కొబ్బరికాయ గట్టు మీద పడ్డట్టు. తల వెనక కోడిగుడ్డంత బొప్పి. చల్లటి నీళ్ల గుడ్డ పెట్టాను. సాయంత్రానికి మళ్లీ నవ్వింది, ఆడింది. డ్రైవరు వెళ్తూ వెళ్తూ, నువ్వు ఎలాగూ చెప్పవు, నేనూ చెప్పనులే బావా అన్నాడు. అమ్మాయి జడ వేస్తూ బొప్పి తడిమి ఇదేంటి నాన్నా అంటే, పడింది అన్నాను. ఎక్కడ అని అడిగేలోపు పాలు పొంగాయి. పొంగిన పాలకు దణ్ణం పెట్టుకున్నాను. ఉత్తరం వచ్చిన రోజు నుంచి ఆ చప్పుడే. ఆ బొప్పి లోపలికి దిగిందేమో, లోపల ఏదో వరస చెదిరిందేమో, బుర్రలో ఒకదాని పక్కన ఒకటి ఉండాల్సినవి ఆ దెబ్బకి చెల్లాచెదరయ్యాయేమో, నేను ఒక్క క్షణం పక్కకి తిరిగినందుకు ఈ పిల్ల జీవితమంతా ఏది ముందో ఏది వెనకో తెలియకుండా ఉండిపోతుందేమో. మూడు వారాలు అన్నం గడ్డిలా దిగింది.

ఇవాళ అమ్మాయికి సెలవు దొరకలేదు. నన్ను పంపింది. నువ్వేమీ మాట్లాడక్కర్లేదు నాన్నా, ఊరికే కూచో అంది. వచ్చాం. గోళీని లోపలికి తీసుకెళ్లి తలుపు వేశారు. వసారాలో పిల్లల కుర్చీలు తప్ప ఏమీ లేవు, ఒకదాని మీద కూచున్నాను, మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. ఎదురుగోడకి కొక్కేలు, నా నడుము ఎత్తులో, ఒక్కో కొక్కెం పైన ఒక్కో బొమ్మ అంటించారు, గొడుగు, బంతి, చేప, ఆకు. పేరు చదవడం రాని పిల్లలు తమ సంచీ ఎక్కడ తగిలించాలో బొమ్మని బట్టి తెలుసుకుంటారన్న మాట. మంచి పద్ధతి. మా గోడౌనులో ఇలా ఉంటే నేనూ చీటీలు చదవలేక అంత తిప్పలు పడకపోదును. గోళీది ఆకు. ఆకు కొక్కేనికి దాని నీలం సంచీ వేలాడుతోంది. అప్పుడు ఆయా చీపురుతో వచ్చింది, నన్నూ కుర్చీనీ మార్చి మార్చి చూసింది. తాతగారూ, అది మూడు నాలుగేళ్లవాళ్లు కూచునేది, విరిగితే మీ నడుం మీ ఇష్టం, కుర్చీ మాట మాత్రం నా మీదికి వస్తుంది అంది. లేచాను. లేస్తే నిలబడడానికి తలుపు ముందు తప్ప చోటు లేదు, మిగతా అంతా ఆమె అప్పుడే కడిగిన తడి. అలా నిలబడబట్టి అద్దంలోంచి చూశాను. ఆ ఆయా చేతులకి మొక్కాలి.

బల్లకి అటు గోళీ, ఇటు టీచరు. గోళీకి కుడిచేతి వైపున తలుపు, తలుపు అద్దంలో నా మొహం. బల్ల మీద ఐదు చెక్కబొమ్మలు వరసగా పెట్టి ఉన్నాయి. నా వైపు నుంచి చూస్తే ముందు ఏనుగు, దాని వెనక గుర్రం, ఆవు, కుక్క, అటు చివర బాతు. తలుపు పైన గాలి కోసం సందు వదిలారు, మాట వినిపిస్తోంది. రెండోది చూపించు బంగారం అంది టీచరు. గోళీ చటుక్కున తల తిప్పి తలుపు వైపు చూసింది. నన్ను చూసిందనుకున్నాను, కాదు, తలుపునే చూసింది. చూసి, పెదవులు కదుపుతూ గుర్రం మీద వేలు పెట్టింది. ఏనుగు, గుర్రం. రెండోది గుర్రమే. సరిగ్గా చెప్పింది. టీచరు పెన్సిలు అడ్డంగా గీసింది. అడ్డగీత నాకు తెలుసు, మూడేళ్ల బడిలో నా పలక నిండా అవే. నాలుగోది అంది టీచరు. మళ్లీ తల తలుపు వైపు, మళ్లీ కదిలే పెదవులు, కుక్క మీద వేలు. ఏనుగు, గుర్రం, ఆవు, కుక్క. నాలుగోది కుక్కే కదా. మళ్లీ అడ్డగీత. అదేమిటి, ఈ టీచరమ్మకి కళ్లు కనబడవా అనుకున్నాను. మూడోది అంది. ఆవు. ఈసారి టిక్కు. అప్పుడు వెలిగింది. ఐదింట్లో మూడోది ఎటు నుంచి లెక్కపెట్టినా మూడోదే. టీచరు అటు బాతు దగ్గర మొదలుపెట్టి లెక్కపెడుతోంది, పుస్తకం చదివేవాళ్లు ఎడమచేతి వైపు నుంచే కదా మొదలుపెడతారు, పిల్ల ఎడమచేతి వైపు ఉన్నది బాతు. గోళీ తలుపు దగ్గర నుంచి లెక్కపెడుతోంది. తలుపు దగ్గర నుంచి లెక్కపెట్టమని చెప్పింది ఎవరు. నేను.

వంటింటి బల్ల కళ్ల ముందుకొచ్చింది. పొద్దున అమ్మాయి పొయ్యి చూసుకుంటూ గోళీని ఇటు పక్క కూచోబెడుతుంది, వీధి తలుపు పిల్లకి ఎడమవైపు. సాయంత్రం బట్టలు మడతపెడుతూ అటు పక్క కూచోబెడుతుంది, తలుపు కుడివైపు. పొద్దున అన్నీ ఒప్పు, సాయంత్రం మధ్యది తప్ప అన్నీ తప్పు. బుర్రలో నిలవకపోవడమా. నా తల్లే, గోడకి కొట్టిన మేకులా నిలిచింది, తలుపు ఎటుంటే అటు.

కిందటి ఏడు పనిలోకి వెళ్లడం మానేశాక, గోళీతో ఇంట్లో పొద్దుపుచ్చడానికి ఏం చేయాలో నాకు తోచలేదు. కథలు చెప్పడం రాదు. పాటలు రావు. వచ్చిందొకటే, లోడు ఎక్కించడం. చెప్పుల డబ్బాకి ఒక పక్క కత్తిరించి తలుపు చేశాను, అది వ్యాను. అగ్గిపెట్టెలకి రంగు కాగితాలు అంటించాను, ఎర్రది బీరువా, పచ్చది మంచం, నీలంది సోఫా. గోళీ నోటితో బుర్రుమంటూ నడుపుతుంది. మొదటి ఇల్లు అమ్మమ్మ ఫొటో, రెండో ఇల్లు గడప, మూడోది కిటికీ. ఒక్కటే నియమం చెప్పాను, ముప్పై ఎనిమిదేళ్లు నేను బతికిన నియమం. ఏ ఇంట్లో ఏది దింపాలో డ్రైవరు చదివే చీటీ అంతా విను, విన్నాక చివరి ఇంటి సామాను ముందు ఎక్కించు, లోపలికంటా తోసెయ్యి. మొదట దిగేది తలుపు దగ్గర ఉండాలి. వ్యానులో మొదటిది అంటే తలుపు పక్కది. దానికి నాలుగు రోజుల్లో పట్టుబడింది. నాకు పట్టుబడడానికి రెండు నెలలు పట్టింది, అదీ గోడౌను పెద్దమనిషి తిట్లు తిని. ఒకసారి నేను కావాలని పచ్చది ముందు తోస్తే, అది రెండో ఇంటిది తాతా, నీకు ఎన్నిసార్లు చెప్పాలి అని నా చెయ్యి మీద కొట్టింది. ఎంత మురిసిపోయానో. మా అమ్మాయి పని నుంచి వచ్చేసరికి అగ్గిపెట్టెలు తీసి దాచేసేవాళ్లం, నిప్పుతో ఆటలేంటి అంటుందని. అందుకే ఆమెకు తెలియదు. చెప్పనివి ఎన్ని పోగేశానో నా బతుకులో.

లోపల ఇప్పుడు డబ్బా తీసింది టీచరు. ఆ డబ్బా చూడగానే నాకు ఏం జరగబోతోందో తెలిసిపోయింది. ముందు బాతుని పెట్టు, రెండోది కుక్కని, మూడోది ఆవుని పెట్టు అంది. గోళీ కదలకుండా చివరి మాట దాకా వింది. చీటీ అంతా విను. విని, ఆవుని తీసి లోపలికంటా తోసింది. అడ్డగీత. టీచరు మొహం చూశాను, కోపం లేదు, చిరాకు లేదు. పిల్ల ఇష్టమైందనీ, ఇష్టమైన పిల్లకి అడ్డగీతలు పెట్టాల్సి వస్తోందనీ బాధ ఉంది. ఆ బాధే నాకు కొంచెం ధైర్యం. ఇంకా పావుగంట.

నోరు తెరవకపోతే ఏమవుతుందో నాకు తెలియకపోలేదు. ఒకసారి గోడౌనులో కొత్త గుమాస్తా చేరాడు, మంచివాడు, మాకు సాయం చేద్దామని చీటీ తనే తిరగేసి రాశాడు, చివరి ఇల్లు పైన, మొదటి ఇల్లు కింద. డ్రైవరు చదివాడు, నేను అలవాటు కొద్దీ మళ్లీ తిరగేశాను. పెద్ద మంచం ఎత్తుతున్నప్పుడు లోపల ఏదో గుచ్చింది. ఆసుపత్రి నుంచి వచ్చే మనిషికట, ఇది ముందు దింపాలి కదా, లోపలికి ఎందుకు పోతోంది అని. అడుగుదామా అనుకున్నాను. అడగలేదు. ఆ ఇంటి ముందు ఒకావిడ, తుంటి ఎముక విరిగి అప్పుడే ఆసుపత్రి నుంచి తెచ్చారు, గుమ్మంలో కుర్చీలో కూచుని మంచం కోసం చూస్తోంది. నాలుగిళ్ల సామాను దారి మీదికి దింపితే గాని మంచం బయటికి రాలేదు. గంటన్నర. ఆవిడ నొప్పి ఓర్చుకుంటూ, మాకోసం నవ్వడానికి ప్రయత్నిస్తూ, తొందర లేదు నాయనా, నెమ్మదిగా కానివ్వండి అంది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ మాట ఇన్నేళ్లూ నా భుజం మీదే ఉంది, ఏ ఇంట్లోనూ దిగలేదు.

అంతకు ముందు ఇంకోటి. దాని గురించి ఎవరికీ, మా ఆవిడకి కూడా చెప్పలేదు. మూడో తరగతిలో కొత్త మేష్టారు వచ్చి ఒక్కొక్కణ్ణీ లేపి అడుగుతున్నాడు, మీ ఇంట్లో నువ్వు ఎన్నోవాడివిరా. నా వంతు వచ్చింది, లేచాను. మా అమ్మ సాయంత్రం గుమ్మంలో నిలబడి మమ్మల్ని లోపలికి పిలిచేటప్పుడు వేళ్లు ముడిచి లెక్కపెట్టేది. బొటనవేలు నోరు మెదపకుండా ముడిచేది, ఆ తర్వాత అన్నయ్యని చూసి రెండు అనేది, అక్కని చూసి మూడు, నన్ను చూసి నాలుగు. బొటనవేలు మా అందరికంటే ముందు పుట్టి ఏడాది నిండకుండా పోయిన పాపది. మా నాన్న మాత్రం ఎవరడిగినా ముగ్గురు పిల్లలు, వీడు మూడోవాడు అనేవాడు. ఎవరి లెక్క చెప్పాలి నేను. మూడు అంటే అమ్మ వేలు విప్పినట్టు. నాలుగు అంటే నాన్న అబద్ధమాడినట్టు. నిలబడ్డాను. ఇవాళ అన్నం ఎన్నిసార్లు తిన్నావో అదైనా తెలుసా అన్నాడు మేష్టారు, గదంతా నవ్వింది. ఎందుకు చెప్పలేదురా అని ఒక్క ముక్క అడిగి ఉంటే చెప్పేవాణ్ణేమో. అడగలేదు. వెనక బల్లకి పంపాడు, మొద్దు అన్నాడు, ఆ ఏడాది ఆఖరికి నాన్న నన్ను ఇటుకలు మోసే పనిలో పెట్టాడు, బీరువాలు ఆ తర్వాత ఇరవై ఏళ్లకి. మొద్దుకి వీపుంటే చాలు కదా. ఇప్పుడు అద్దంలోంచి గోళీని చూస్తున్నాను. తనకు తెలిసింది తెలిసినట్టు చెబుతోంది, అడ్డగీతలు పడుతున్నాయని కూడా తెలియదు, కాళ్లు ఊపుకుంటోంది. మొద్దు అన్న మాట ఆ గదిలోంచి బయటికి రాకముందే నేను లోపలికి వెళ్లాలి.

పదకొండు కాకుండానే తలుపు తెరుచుకుంది. టీచరు చిన్నపిల్ల, మా అమ్మాయికంటే చిన్నది, వేళ్లకి రంగు పెన్సిళ్ల మరకలు. తలుపు చేరవేసి, మెల్లగా, పాప చాలా ముద్దుగా మాట్లాడుతుంది తాతగారూ అని మొదలుపెట్టింది. ముద్దు దగ్గర మొదలుపెట్టారంటే చివర ఏముంటుందో నాకు తెలుసు, చెడ్డ కబురు ఎప్పుడూ లోపలికంటా ఎక్కిస్తారు. గొంతులో బీరువా కదిలింది. ఒక అంచు పట్టుకున్నాను. తలుపు అమ్మా, అన్నాను. ఆమె తలుపు వైపు చూసింది. పిల్ల తలుపు వైపు నుంచి లెక్కపెడుతోందమ్మా, అది నా పాపం. ఇంకో అంచు వచ్చింది. వ్యాను, చెప్పుల డబ్బా, అగ్గిపెట్టెలు, పొద్దున చెంచాలు, సాయంత్రం చెంచాలు, ఏది ముందు చెప్పానో ఏది వెనక చెప్పానో తెలియదు, జీవితంలో అన్ని మాటలు ఒక్కసారి చెప్పలేదు. ఆయా చీపురు ఆపి వింటోంది. టీచరు తన కాగితం వైపు చూసుకుంది, పెన్సిలు మొనతో ఒక్కో గీత మీదా ఆగింది. మూడోది మాత్రం ఎప్పుడూ కరెక్టు, అంది తనలో తనే. ఆ తర్వాత తల అడ్డంగా ఊపింది.

“నాకు అర్థమైంది తాతగారూ. కానీ పరీక్షలో ఒక్క మాట కూడా మార్చడానికి నాకు వీల్లేదు. తలుపు అటుందనుకో, ఇటుందనుకో అని చెప్పానంటే నేనే జవాబు అందించినట్టు.”

“మాట మార్చొద్దమ్మా,” అన్నాను. “కుర్చీ మార్చండి.”

ఆయా చీపురు పట్టుకునే, బాగానే ఉంది కదండీ, కుర్చీ మార్చకూడదని రాశారా ఏమిటి మీ పుస్తకంలో అంది. టీచరు పుస్తకం తెరిచి నిజంగానే చూసింది, వేలు పెట్టి ఆ పేజీ అంతా. రాయలేదు.

ఈసారి తలుపు మూయలేదు. నన్ను గడప దగ్గరే నిలబడమంది, నోరు మెదపొద్దని కూడా అంది, నాతో ఆ మాట చెప్పిన మొదటి మనిషి ఆమే. గోళీని లేపి తన కుర్చీలో కూచోబెట్టి, తను గోళీ కుర్చీలో ఇరుక్కుని కూచుంది. తలుపు ఇప్పుడు పిల్లకి ఎడమచేతి వైపు. బొమ్మలన్నీ కలిపేసి కొత్తగా పేర్చింది, కుక్క, ఏనుగు, బాతు, ఆవు, గుర్రం. అవే మాటలు, అదే గొంతు. రెండోది చూపించు బంగారం. గోళీ తలుపు వైపు చూసింది, పెదవులు కదిలాయి, ఏనుగు. టిక్కు. ఐదోది. గుర్రం. టిక్కు. మొదటిది, నాలుగోది, చివరిది. టిక్కు, టిక్కు, టిక్కు. మధ్యలో తలుపు అద్దం లేకపోయినా అంతా మసగ్గా కనబడింది. టీచరు ఇంకో మూడు బొమ్మలు చేర్చి ఎనిమిది చేసింది, అది పరీక్షలో ఉందో లేదో తెలియదు. ఏడోది ఏది అంటే గోళీ, ఏడో ఇంటికి వెళ్లేసరికి చీకటి పడుతుంది, అని గొణుగుతూ వెళ్లి పిల్లి మీద వేలు పెట్టింది. డ్రైవరు మాట అది, ఆటలో నేను అంటుంటే పట్టేసింది. ఆ తర్వాత టీచరు పెన్సిలు కింద పెట్టి డబ్బా దగ్గరికి లాగింది. ఇది మార్కులకి కాదు, ఊరికే అడుగుతున్నాను, బాతుని ముందు పెట్టమంటే ఆవుని ఎందుకు పెట్టావు అంది. నా మేష్టారు అరవై ఏళ్ల కిందట అడగాల్సిన ప్రశ్న, ఈ చిన్నపిల్ల అడిగింది. గోళీ ఆమెను జాలిగా చూసింది.

“ఆవు చివర దిగుతుంది కదా టీచర్. బాతుని లోపల పెడితే మొదటింటివాళ్లు ఎంతసేపు నిలబడతారు?”

టీచరు నవ్వు ఆపుకోలేదు, ఆయా కూడా నవ్వింది. నేను నవ్వానో ఏడ్చానో నాకు తెలియదు, కుర్చీలో కూచుని మంచం కోసం చూసిన ఆవిడ మాత్రం గుర్తొచ్చింది, తొందర లేదు నాయనా అంటూ. టీచరు గోళీకి చెప్పింది, మా బళ్లో పుస్తకాలన్నిటికీ తలుపు ఎడమచేతి వైపే ఉంటుంది, గది తలుపు ఎటున్నా సరే అని. గోళీ, మరి ఆ సంగతి ముందే చెప్పాలి కదా అంది. టీచరు ఆ మాటని కూడా కాగితం అంచున రాసుకుంది. పై తరగతికి అని రాసి సంతకం పెట్టి నా చేతికిచ్చింది. డాక్టరు అక్కర్లేదు తాతగారూ అంది. నేను అడిగాను, అదీ నేనే అడిగాను, చిన్నప్పుడు పడి తలకి దెబ్బ తగిలింది, దానివల్ల ఏమీ కాదు కదమ్మా. అది నేను చెప్పలేను, అనుమానంగా ఉంటే డాక్టరుకి ఒకసారి చూపించి అడగండి, కానీ ఇవాళ ఈ గదిలో నేను చూసిన బుర్రలో లోపం ఏమీ కనబడలేదు అంది. అబద్ధపు ధైర్యం ఇవ్వకుండా ఉన్నదున్నట్టు చెప్పినందుకు, చేతులెత్తి దణ్ణం పెడితే కంగారు పడిపోయింది.

ఆకు కొక్కెం మీంచి సంచీ తీసి భుజానికి తగిలించుకుంది గోళీ. బయట ఎండ, దారి పక్కన దుకాణాల తలుపులన్నీ తెరిచి ఉన్నాయి. దాని వేలు నా చేతిలో, కాగితం జేబులో. అమ్మాయికి ఏం చెప్పాలో దారిపొడుగునా పేర్చుకుంటున్నాను. మొదట దింపాల్సింది పై తరగతి కబురు, అది తలుపు దగ్గర. దాని వెనక చెప్పుల డబ్బా, అగ్గిపెట్టెలు. వాటి వెనక, నీ కడుపులో ఏమీ జరగలేదు తల్లీ, ఆవిరిదీ తప్పు కాదు అన్న మాట. అన్నిటికంటే లోపల వ్యాను మీంచి పడ్డ సంగతి, తిడుతుంది, ఏడుస్తుంది, రేపే డాక్టరు దగ్గరికి పదమంటుంది, వెళ్తాం. దాన్ని కూడా దింపేస్తాను ఇవాళ, వ్యాను ఖాళీ అయ్యేదాకా ఇంట్లోంచి కదలను. గోళీ దారిలో ఆగి ఉన్న సైకిళ్లు లెక్కపెడుతోంది, మొదటిది రెండోది అంటూ, ఒకసారి ఇటు నుంచి, ఒకసారి అటు నుంచి, రెండు రకాలుగా వస్తున్నాయని కొత్తగా తెలిసింది కదా, వదలడం లేదు. నేను అమ్మకి ఎన్నోదాన్ని తాతా అంది. మొదటిదానివి అన్నాను. ఎటు నుంచి అంది. ఒక్కదానివే, ఎటు నుంచైనా మొదటిదానివే అన్నాను. అది నచ్చింది దానికి, రెండు గెంతులు గెంతింది. గెంతి ఆగి, తల పైకెత్తి నన్ను అడిగింది.

“మరి నువ్వు ఎన్నోవాడివి?”

నోటికి అడ్డం ఏమీ లేదు. “నాలుగోవాణ్ణి,” అన్నాను.

“ఎటు నుంచి?”

“మా అమ్మ నిలబడ్డ వైపు నుంచి.”

సరే అన్నట్టు తల ఊపి, వదిలేసిన సైకిలు దగ్గర మళ్లీ లెక్క మొదలుపెట్టింది.